బో పేట పసిబిడ్డల కావలి – మిస్ మ్యూరియల్ లెస్టర్ గారి జీవితం



గాంధీ గారు 1931లో లండన్ వెళ్ళినప్పుడు పెద్ద హోటళ్ళను కాదని కూలివాళ్ళ పేటలో బస చేశారని మనలో చాలామంది బడి పుస్తకాలలో చదువుకున్నాము. ఆ బస ఎవరిది, ఆ పేటలో ఆమె అంతకుముందు ఇరవై సంవత్సరాలు ఏమి చేశారు అన్నది మాత్రం తక్కువ మందికి తెలుసు. ఆమె పేరు మిస్ మ్యూరియల్ లెస్టర్. బాప్టిస్టు ఇంట పుట్టి, బాప్టిస్టు సంఘంలో పెరిగిన స్త్రీ. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ చంటిబిడ్డల ప్రాణాలను గూర్చి ఆమెకున్న భారమును, ఆ రోజుల్లో లండన్ పేద పేటలో పిల్లలు దేని వలన చనిపోయేవారో ఆ వివరాలను మేము ఈ సంచికలో మీ ముందు పెడుతున్నాము.

పుట్టుక, పెంపకం

మ్యూరియల్ గారు 1883 డిసెంబరు 9న లండన్ తూర్పు శివారు లేటన్‌స్టోన్‌లో జన్మించారు. తండ్రి హెన్రీ లెస్టర్ గారు ఓడల పనిలో వృద్ధిలోకి వచ్చిన వ్యాపారి. ఎసెక్స్ బాప్టిస్టు యూనియన్‌కు అధ్యక్షులుగా కూడా పనిచేశారు. ఇంట్లో కుటుంబ ప్రార్థన, ఆదివారపు బడి, మద్యానికి దూరంగా ఉండటం, ఇవన్నీ క్రమంగా జరిగే ఇల్లు. కొంతకాలానికి కుటుంబం మరికొన్ని మైళ్ళ అవతల పచ్చని లౌటన్‌కు మారింది. డబ్బుకు లోటు లేదు. మంచి బడిలో చదువు, విదేశ ప్రయాణాలు అన్నీ ఆమెకు దొరికాయి.

లౌటన్ నుండి లండన్ నగరంలోకి పోయే రైలు తూర్పు లండన్ పేటల మీదుగా పోతుంది. పట్టాలకు ఆనుకొని మసిబారిన ఇళ్ళు, ఇరుకు పెరళ్ళు, తీగల మీద ఆరవేసిన గుడ్డలు. మొదటి తరగతి పెట్టెలో కూర్చున్న చిన్నపిల్లగా ఆమె ఆ ఇళ్ళను చూసి, అక్కడ మనుషులు ఉంటారా అని పెద్దలను అడిగిందట. ఉంటారు, వాళ్ళకు అది అలవాటే, నువ్వు బాధపడనక్కరలేదు అన్న అర్థంలో వచ్చిన జవాబు ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

యవ్వనంలో ఒకసారి బో పేటలోని ఫ్యాక్టరీ అమ్మాయిల సాయంకాలపు కూడికకు ఆమెను పిలిచారు. బో అంటే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పేరుపడిన పేట. 1888లో అక్కడి అమ్మాయిలు చేసిన సమ్మె చరిత్రలో నిలిచింది. పేదవాళ్ళకు ఏదో ఇచ్చి రావాలని వెళ్ళిన ఆమె, వారి తెలివిని, చలాకీతనాన్ని చూసి సిగ్గుపడి వచ్చారు. ఆ తరువాత టాల్‌స్టాయ్ గారి పుస్తకం చదివి, క్రీస్తును వెంబడించడమంటే పగను, ఆయుధాన్ని రెంటినీ విడిచిపెట్టడమేనని తీర్మానించుకున్నారు. 1912లో ఆమె, చెల్లెలు డోరిస్ గారు కలిసి బో పేటలో బ్రూస్ రోడ్డు 60వ నంబరు ఇంట్లో కాపురం పెట్టారు. వారానికొకసారి వచ్చి పోయే దొరసానులుగా ఉండక, ఆ వీధివాళ్ళుగా ఉండిపోయారు.

ఆ పేట ఎట్లా ఉండేది

బో పేట పాప్లర్ అనే పురపాలక సంఘం కింద ఉండేది. పక్కన రేవులు, గ్యాసు కర్మాగారాలు, సబ్బు, రసాయనాల ఫ్యాక్టరీలు. మగవాళ్ళు చాలామంది రేవులో రోజుకూలీలు. తెల్లవారి గేటు దగ్గర నిలబడితే, మేస్త్రీ ఎవరిని పిలిస్తే వారికే ఆ పూట పని. ఒక కుటుంబానికి రెండు గదులు. పెరట్లో మరుగుదొడ్డి, దాని పక్కనే కుళాయి. సోమవారం ఆదివారపు కోటు తాకట్టు కొట్టుకు పోవడం, శనివారం జీతం రాగానే విడిపించుకోవడం అక్కడి ఇల్లాళ్ళకు వాడుక. బొంబాయి మిల్లుల పేటలలోను, కోలారు గనుల లైన్లలోను జీవించిన మన పెద్దలకు ఇటువంటి బ్రతుకు విప్పి చెప్పనక్కరలేదు.

1914లో మ్యూరియల్ గారి తమ్ముడు కింగ్స్లీ చిన్న వయసులోనే చనిపోయారు. ఆ సంవత్సరం ఆగస్టులో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. కుటుంబం డబ్బుతో అక్కాచెల్లెళ్ళు మూతపడిన ఒక పాత ప్రార్థనా మందిరాన్ని కొని, బాగుచేసి, తమ్ముని పేరున కింగ్స్లీ హాల్ అని పెట్టి 1915 ఫిబ్రవరిలో తెరిచారు. సాయంకాలం సారాయి లేని కాలక్షేపం, ఆదివారం ఆరాధన, తల్లుల కూటం, పెద్దలకు చదువు, పసివాళ్ళకు డోరిస్ గారి పిల్లల బడి అక్కడ జరిగేవి. అంతకు కొద్ది వారాల ముందు, 1914 డిసెంబరులో, కేంబ్రిడ్జిలో యుద్ధాన్ని నిరాకరించే క్రైస్తవులు సమాధాన సహవాసం అనే సంఘాన్ని స్థాపించారు. మ్యూరియల్ గారు అందులో చేరారు. యుద్ధం జరుగుతున్న దేశంలో, కొడుకులను పంపిన వీధిలో నిలబడి, శత్రువును ప్రేమించమని చెప్పడం ఎంత కష్టమో ఊహించండి.

బిడ్డలు దేని వలన చనిపోయారు

యుద్ధమనగానే మనకు తుపాకులు, బాంబులు కనిపిస్తాయి. లండన్ మీద మొదటి వైమానిక దాడి 1915 మే 31న జరిగింది. 1917 జూన్ 13న పట్టపగలు జర్మను విమానాలు వేసిన ఒక బాంబు పాప్లర్‌లోని అప్పర్ నార్త్ స్ట్రీట్ బడి మీద పడి 18 మంది పిల్లలను చంపింది. చాలామంది అయిదేళ్ళవాళ్ళు. వారి స్మారక స్తంభం పాప్లర్ పార్కులో ఉంది. ఆ దుఃఖాన్ని తక్కువ చేయడం ఎవరి తరమూ కాదు.

అయితే లెక్క చూడండి. ఆ యుద్ధకాలమంతటిలో ఆకాశం నుండి పడిన బాంబుల వలన బ్రిటన్‌లో చనిపోయినవారు, పెద్దలు పిల్లలు కలిసి, సుమారు 1,400 మంది. 1915 ఒక్క సంవత్సరంలో ఇంగ్లాండు, వేల్స్‌లలో ఏడాది నిండకుండా చనిపోయిన శిశువులు సుమారు 89 వేలు. పుట్టిన ప్రతి 1,000 మందిలో 110 మంది. అంటే తొమ్మిది ఉయ్యాలలలో ఒకటి ఖాళీ. ఇది దేశమంతటి సగటు. కూలివాళ్ళ పేటలలో ఇంతకంటె ఎక్కువగానే ఉండేది. ఆ బిడ్డల పేరున స్తంభాలు లేవు.

వారిని చంపినవి ఏమిటి? మొదటిది వేసవి విరేచనాలు. పాలు పల్లెల నుండి రైలులో వచ్చి, మూతలేని డబ్బాలలో బండి మీద వీధి వీధి తిరిగి, ఇంటికి చేరేసరికి గంటలు గడిచేవి. పాలను కాచి శుద్ధిచేసి అమ్మే పద్ధతి ఇంకా అందరికీ రాలేదు. గుర్రపు బండ్ల కాలం కనుక వీధుల్లో పేడ, పేడ మీద ఈగలు, అవే ఈగలు పాల గిన్నె మీద. పొడవాటి రబ్బరు గొట్టం ఉన్న పాలసీసాలు కొందరి ఇళ్ళలో ఇంకా ఉండేవి. గొట్టం లోపల శుభ్రం చేయడం ఎవరివలనా కాదు. ఎండలు ముదిరిన సంవత్సరం వాంతులు, విరేచనాలతో పసిబిడ్డలు రెండు మూడు రోజుల్లోనే వడలిపోయేవారు. యుద్ధానికి ముందు 1911లో అటువంటి వేసవి వచ్చి శిశు మరణాలు 1,000కి 130 దాకా పోయాయి.

రెండవది చౌక డబ్బాపాలు. వెన్న తీసివేసిన చిక్కని తీపి పాలు అవి. తీపి వలన బిడ్డ తాగుతుంది, బొద్దుగా కూడా కనిపిస్తుంది. కాని కొవ్వు లేదు, విటమిన్లు లేవు. ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరపోయేవి. అటువంటి బిడ్డకు జలుబు చేస్తే అది న్యుమోనియా అయ్యేది.

మూడవది తట్టు, కోరింత దగ్గు. ఒక గదిలో ఆరుగురు పడుకునే ఇంటికి తట్టు వస్తే అందరినీ చుట్టేది. 1915లో తట్టు తీవ్రంగా వచ్చింది. సైనికుల రాకపోకల వలన, ఇరుకు వలన రోగం పాకింది. ఆ సంవత్సరం శిశు మరణాలు 105 నుండి 110కి పెరగడానికి అది ముఖ్యకారణం. నాలుగవది నెలలు నిండని కాన్పులు, పుట్టుకతోనే బలహీనత. దీని మూలం తల్లి పళ్ళెంలో ఉంది. ఇంట్లో ఉన్న మాంసం ముక్క మగవానికి, మిగిలిన రొట్టె పిల్లలకు పెట్టి, రొట్టె అంచులతోను టీ నీళ్ళతోను గడుపుకునే గర్భవతి ఎంత బిడ్డను కనగలదు?

యుద్ధం మొదలైన వారాలలోనే ధరలు లేచాయి. యుద్ధం ముగిసేసరికి తిండి ధరలు రెట్టింపు దాటాయి. డాక్టర్లలో చాలామంది సైన్యంలోకి పోయారు. మరణ ధ్రువపత్రం మీద విరేచనాలు అని, న్యుమోనియా అని వ్రాసేవారు. ఆకలి అని, ఇరుకు గది అని, మురికి పాలు అని వ్రాసే గడి ఆ కాగితంలో లేదు. మ్యూరియల్ గారు చూసింది ఆ గడిలేని కారణాలను. బ్రూస్ రోడ్డులో ఏ ఇంటి బిడ్డకు జబ్బు చేసినా అది వారికి పక్కింటి సంగతే.

యుద్ధంలోనే మరణాలు తగ్గిన సంగతి

ఇక్కడ ఆలోచింపవలసిన సంగతి ఒకటి ఉంది. ఇంగ్లాండులో యుద్ధకాలంలోనే శిశు మరణాలు తగ్గాయి. 1915లో 110 ఉన్న సంఖ్య 1916లో 91కి దిగింది. తరువాతి రెండేళ్ళు కొంచెం పెరిగినా 100 దాటలేదు. డాక్టర్లు తక్కువైన కాలంలో ఇది ఎట్లా జరిగింది?

చరిత్రకారులు చాలా కారణాలు చెప్పారు. పుట్టుకలు తగ్గాయి. సైనికుని భార్యకు వారం వారం ప్రభుత్వ భత్యం నేరుగా ఆమె చేతికే వచ్చింది. అంతవరకు రేవు గేటు దగ్గర భర్తకు దొరికితే పని, లేకపోతే పస్తు. ఇప్పుడు వారానికి ఇంత అని లెక్క తెలిసింది. స్త్రీలకు ఫ్యాక్టరీలలో పని, జీతం దొరికాయి. మద్యం అమ్మే వేళలను తగ్గించారు. ఇంటింటికి తిరిగే ఆరోగ్య సందర్శకురాళ్ళు, శిశువులను తూచి సలహా చెప్పే కేంద్రాలు పెరిగాయి. 1918లో గర్భవతులకు, అయిదేళ్ళలోపు పిల్లలకు పాలు తక్కువ ధరకు గాని ఉచితంగా గాని ఇచ్చేందుకు పురపాలక సంఘాలకు అధికారం వచ్చింది. అదే సంవత్సరం వచ్చిన మాతాశిశు సంక్షేమ చట్టం, ఈ పనికి ఏర్పరచే కమిటీలో కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలని విధించింది.

సైనికులు చచ్చిపోతున్నారు, దేశానికి బిడ్డలు కావాలి అన్న ఆలోచనతో పెద్దలు కొందరు ఈ పనులు చేశారు. కాని బో పేట తల్లులకు తెలిసిన పాఠం ఒకటే. పాలు, కూలి, గది ఉంటే బిడ్డ బ్రతుకుతుంది. ఇన్నాళ్ళూ ఇది దేవుని చిత్తమని, పేదవాళ్ళ అజ్ఞానమని చెప్పినవాళ్ళ మాట తప్పని తేలిపోయింది.

మేలు అందరికీ సమానంగా అందలేదు. పెద్ద వయసు ఆడపిల్లలలో, ఫ్యాక్టరీ పనిలోకి పోయిన యువతులలో క్షయ మరణాలు పెరిగాయి. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి బ్రిటన్‌లో 2 లక్షలకు పైగా ప్రాణాలు తీసింది. అదే జ్వరం మన దేశంలో కోటికి పైగా జనాన్ని తీసుకుపోయింది.

శత్రువు బిడ్డలు

1915 మే నెలలో లుసిటేనియా ఓడ మునిగినప్పుడు తూర్పు లండన్‌లో జనం జర్మను పేర్లున్న రొట్టెల కొట్లను పగలగొట్టి దోచారు. ఎన్నో ఏళ్ళుగా ఆ వీధికి రొట్టె కాల్చి ఇచ్చినవాళ్ళు రాత్రికి రాత్రి శత్రువులయ్యారు. మ్యూరియల్ గారు పగవద్దని చెప్పడం మానలేదు. తమ కూడికలలో జర్మనుల కొరకు కూడా ప్రార్థన చేయించారు. కొందరు దూరమయ్యారు, కొందరు తిట్టారు. అయినా తల్లుల కూటం ఖాళీ కాలేదు. తమ బిడ్డ జబ్బుపడిన రాత్రి వచ్చి కూర్చున్న మనిషిని ఆ స్త్రీలు సిద్ధాంతం కోసం వదులుకోలేదు.

1918 నవంబరు 11న తుపాకులు ఆగాయి. ఆకలి ఆగలేదు. జర్మనీ, ఆస్ట్రియాలకు తిండి ఓడలు పోకుండా యుద్ధంలో పెట్టిన సముద్ర దిగ్బంధాన్ని జయించిన దేశాలు వెంటనే తీయలేదు. 1919 మార్చి తరువాత గాని తిండి ఓడలు పోలేదు, జూలైలో గాని దిగ్బంధం పూర్తిగా తొలగలేదు. దిగ్బంధం వలన 7 లక్షల 63 వేల మంది పౌరులు చనిపోయారని జర్మను అధికారులు 1918 డిసెంబరులో లెక్క చెప్పారు. తరువాతి చరిత్రకారులు చాలామంది దానికంటె తక్కువ అంచనా వేశారు. తక్కువైనా అవి లక్షలే. చంటిబిడ్డలకు తల్లిపాలు, కేటాయించిన పాలు కొంత కాపుదలనిచ్చినా, పాలు మానిన పిల్లలు, తమ వంతు పిల్లలకు పెట్టిన తల్లులు ఎండిపోయారు. క్షయ పెరిగింది. వియన్నా నగరంలో ఎముకలు మెత్తబడిన పిల్లలు ఎంతమంది ఉన్నారంటే, లండన్ నుండి డాక్టర్ హారియట్ చిక్ గారు అక్కడికి పోయి, కాడ్ చేప నూనె, సూర్యరశ్మి ఆ జబ్బును నయం చేస్తాయని ఆ పిల్లల మధ్యనే నిరూపించారు.

బో పేటలో మురికి పాలతో చనిపోయిన బిడ్డ, వియన్నాలో పాలు లేక చనిపోయిన బిడ్డ మ్యూరియల్ గారి లెక్కలో ఒక్కటే. ఆమె తూర్పు లండన్ స్త్రీ పురుషులను వెంటబెట్టుకొని, దిగ్బంధం తీయమని పార్లమెంటు దాకా నడిచారు. నడిచినవారిలో కొడుకులను పోగొట్టుకున్న తల్లులు ఉన్న పేట అది. ఆ దినాలలోనే మిస్ ఎగ్లాంటైన్ జెబ్ గారు ఆకలితో ఉన్న ఆస్ట్రియా బిడ్డ బొమ్మ వేసిన కరపత్రాలు పంచి అరెస్టయ్యారు. కోర్టు 5 పౌండ్ల జరిమానా వేసింది. 1919 మే 19న లండన్ సభలో పుట్టిన సేవ్ ద చిల్డ్రన్ సంస్థ ఆ ఉద్యమ ఫలమే.

పురపాలక సంఘంలో

పాప్లర్ పేరు 1921లో దేశమంతా మారుమ్రోగింది. పేద పేట మీద ధనిక పేటతో సమానంగా పన్ను భారం వేయడం అన్యాయమని, క్రైస్తవ విశ్వాసి జార్జి లాన్స్‌బరీ గారి నాయకత్వంలో 30 మంది కౌన్సిలర్లు ఆ సొమ్ము కట్టక జైలుకు పోయారు. వారిలో స్త్రీలు కూడా ఉన్నారు. మ్యూరియల్ గారు 1922 నుండి 1926 వరకు ఆ సంఘంలో ఆల్డర్‌మన్‌గా ఉండి, మాతాశిశు సంక్షేమ కమిటీకి అధ్యక్షత వహించారు. తల్లుల కూటంలో విన్న మాటలు ఇప్పుడు కమిటీ బల్ల మీదికి వచ్చాయి. ప్రభుత్వం ఖర్చులు తగ్గించమని ఒత్తిడి చేస్తున్న కాలంలో, బిడ్డల పాల మీద కోత పెట్టకూడదని ఆమె పట్టుబట్టారు.

1923లో డోరిస్ గారి చిన్నపిల్లల బడికి చిల్డ్రన్స్ హౌస్ అనే సొంత భవనం వచ్చింది. ప్రఖ్యాత రచయిత హెచ్. జి. వెల్స్ గారు దానిని తెరిచారు. మేడ మీద పిల్లలు ఎండలో ఆడుకునేందుకు వీలుగా కట్టించారు. ఎండ విలువ వియన్నా పిల్లలు నేర్పిన పాఠమని మరువరాదు. 1927లో తండ్రి గారు చనిపోయి ఆమె పేరున ఆదాయం వచ్చినప్పుడు, దానిని ఆమె తీసుకోక బో పేట ప్రజలకు అప్పగించారు. అది దానం అని పేరు పెట్టనివ్వలేదు, తిరిగి చెల్లింపు అన్నారు. ఆ సొమ్ముతో బాలింతల ఇళ్ళలో ఇంటిపని చేసిపెట్టే సహాయకురాళ్ళను ఏర్పాటు చేశారు. కాన్పు అయిన మూడో నాడే బట్టలు ఉతికే తల్లికి ఇది ఎంత మేలో తల్లులైన మన సహోదరీలకు తెలుసు. 1928లో కింగ్స్లీ హాల్ కూడా పోయిస్ రోడ్డులో కొత్త భవనంలోకి మారింది.

గాంధీ గారి బస

1926లో ఆమె మన దేశం వచ్చి సబర్మతి ఆశ్రమంలో ఉండి వెళ్ళారు. గాంధీ గారితో స్నేహం అప్పటిది. 1931లో రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చిన గాంధీ గారు సెప్టెంబరు 12 నుండి డిసెంబరు 5 వరకు కింగ్స్లీ హాల్ మేడ మీది చిన్న గదిలో నివసించారు. సమావేశం జరిగే చోటు అక్కడికి మైళ్ళ దూరం. దగ్గరలో బస చూసుకోమని ఎంతమంది చెప్పినా ఆయన ఆ పేటను వదలలేదు. తెల్లవారకముందే ఆ వీధుల్లో నడిచేవారు. ఇళ్ళలోకి పోయి ఇల్లాళ్ళను పలకరించేవారు. అక్టోబరు 2న చిల్డ్రన్స్ హౌస్ పిల్లలు ఆయనకు పుట్టినరోజు కానుకలుగా ఉన్ని బొమ్మ కుక్కలు, గులాబీరంగు కొవ్వొత్తులు ఇచ్చారు. ఆ పిల్లలలో ఎందరి అన్నలు, అక్కలు యుద్ధపు సంవత్సరాలలో ఉయ్యాల దాటలేకపోయారో! ఆ దినాల ముచ్చట్లను మ్యూరియల్ గారు 1932లో పుస్తకంగా ప్రచురించారు.

1934లో ఆమె తిరిగి వచ్చి, బీహారు భూకంప ప్రాంతాలలో గాంధీ గారి పర్యటనలో పాలుపంచుకున్నారు. అప్పటికే ఆమె సమాధాన సహవాసపు అంతర్జాతీయ రాయబారిగా దేశాలు తిరుగుతున్నారు. చైనా, జపాను, అమెరికా ఎక్కడికి పోయినా యుద్ధం పసివాళ్ళకు ఏమి చేస్తుందో చెప్పడమే ఆమె పని.

రెండవ యుద్ధం

రెండవ ప్రపంచ యుద్ధంలో పాత కథ మళ్ళీ మొదలైంది. 1940 సెప్టెంబరు 7 నుండి తూర్పు లండన్ మీద రాత్రి వెంట రాత్రి బాంబులు కురిశాయి. ఇంగ్లాండు, వేల్స్‌లలో 1939లో 1,000కి 51గా ఉన్న శిశు మరణాలు 1941లో 60కి పెరిగాయి. అయితే ఈసారి ప్రభుత్వం పాత పాఠాన్ని ముందే గుర్తుకు తెచ్చుకుంది. 1940లోనే గర్భవతులకు, అయిదేళ్ళలోపు పిల్లలకు రోజుకు ఒక పైంటు పాలు చౌకగా, పేదవారికి ఉచితంగా ఇచ్చే పథకం పెట్టింది. 1945 నాటికి శిశు మరణాలు 46కి దిగాయి. పాప్లర్ కమిటీ బల్ల దగ్గర ఒకప్పుడు పోట్లాడి నిలుపుకున్న పాలు ఇప్పుడు దేశమంతటి హక్కు అయింది.

మ్యూరియల్ గారి మనసు మళ్ళీ అవతలి ఒడ్డున ఉంది. బ్రిటిషు దిగ్బంధం, జర్మను దోపిడీ నడుమ గ్రీసు దేశం చిక్కుకొని, 1941-42 శీతాకాలంలో ఏథెన్సు వీధుల్లో జనం ఆకలితో పడిపోయారు. ఆక్రమిత దేశాల పిల్లలకు తిండి ఓడలను పోనివ్వమని ఆమె అమెరికా ఖండాలలో మాట్లాడుతూ తిరిగారు. ప్రభుత్వానికి అది నచ్చలేదు. 1941లో దక్షిణ అమెరికా నుండి వస్తుండగా ట్రినిడాడ్‌లో ఆమెను నిర్బంధించి, కొన్ని వారాల తరువాత ఇంగ్లాండుకు పంపి, పాస్‌పోర్టు తీసుకున్నారు. అప్పటికి ఆమెకు అరవై దగ్గరపడుతున్నాయి. ఆమె బో పేటకే తిరిగివచ్చి, బాంబులకు ఇళ్ళు కూలిన పొరుగువారి మధ్య పనిచేస్తూ, తిండి ఓడల కొరకు వాదిస్తూనే ఉన్నారు. 1942లో గ్రీసుకు గోధుమల ఓడలు పోనిచ్చారు. అదే సంవత్సరం ఆక్స్‌ఫర్డులో కరువు నివారణ కమిటీ ఏర్పడింది. ఈనాటి ఆక్స్‌ఫాం సంస్థ అదే. ఈ మార్పు ఏ ఒక్కరి వలన వచ్చినది కాదు. ఎందరో చిన్నవాళ్ళు, పెద్దవాళ్ళు పట్టువిడువక అడిగిన దానికి దొరికిన జవాబు అది.

చివరి దినాలు

యుద్ధం తరువాత కూడా ఆమె ఎన్నో దేశాలు తిరిగారు. వృద్ధాప్యంలో చెల్లెలితో కలిసి లౌటన్‌లో నివసించారు. డోరిస్ గారు 1965లో, మ్యూరియల్ గారు 1968 ఫిబ్రవరి 11న నిద్రించారు. ఆస్తి అని చెప్పుకోదగినది ఆమె ఏమీ మిగుల్చుకోలేదు. కింగ్స్లీ హాల్ నేటికీ బో పేటలో ఉంది. గాంధీ గారు అక్కడ నివసించారని తెలిపే నీలి ఫలకం దాని గోడకు ఉన్నది.

సహోదరులారా, ఈ జీవితాన్ని మేము మన పత్రికకు ఎన్నుకోవడానికి కారణం ఉంది. 1971లో మన దేశంలో శిశు మరణాలు 1,000కి 129. అంటే మొదటి యుద్ధకాలపు ఇంగ్లాండు కంటె హెచ్చు. 2023 నాటికి అది 25కి దిగింది. టీకాలు, మంచినీళ్ళు, ఉప్పు చక్కెర కలిపిన నీళ్ళు, అంగన్‌వాడీ తిండి, ఆసుపత్రి కాన్పులు, తల్లుల చదువు ఈ పని చేశాయి. మన కుటుంబాలలో అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగితే, కని పోగొట్టుకున్న బిడ్డల పేర్లు ఇప్పటికీ చెబుతారు. ఆ బిడ్డలు పోయింది వారి రాత వలన కాదని, పాల వలన, నీళ్ళ వలన, ఇరుకు వలన అని తెలిసిన తరువాత మనం ఊరుకోలేము.

యుద్ధాలు ఈనాటికీ జరుగుతూనే ఉన్నాయి. బాంబుల వలన పోయినవారి సంఖ్య పత్రికలు ప్రతిదినం ప్రచురిస్తాయి. పాలు దొరకక, నీళ్ళు చెడి, మందు అందక పోయిన పసివాళ్ళ సంఖ్య చాలా ఆలస్యంగా బయటికి వస్తుంది. వార్త చదివేటప్పుడు ఆ రెండవ సంఖ్యను కూడా వెదకండి. వారు ఏ జెండా కింద పుట్టారో అడగకుండా వెదకండి. మీ వీధిలో కొత్తగా పనికి వచ్చిన కుటుంబంలో చంటిబిడ్డ ఉంటే, ఆ తల్లిని పలకరించి, టీకా పడిందా, పాలు అందుతున్నాయా, జ్వరం వస్తే ఎక్కడికి తీసుకుపోవాలో తెలుసా అని కనుక్కోండి. బ్రూస్ రోడ్డు 60వ నంబరు ఇంట్లో మ్యూరియల్ గారి పని మొదలైంది ఇటువంటి పలకరింపులతోనే.